‘ఉందండి’ అన్న శుక్రవారం

నేను ఆరో తరగతితో బడి మానేశాను. బడే నన్ను మానేసిందని మా ఆవిడ అంటుంది. ఇన్నేళ్ళయ్యాక తగువెందుకని ఒప్పేసుకున్నాను. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను రాయబోయేది క్రిప్టో కాంట్రాక్టుల గురించి అనగానే మీలాంటి చదువుకున్న కుర్రాళ్ళు "ఈయనకేం తెలుసు?" అని పేజీ తిప్పేస్తారు. తిప్పకండి. నాకేం తెలియలేదో, ఆ తెలియనిదానికి ఇంకొకరు ఏం చెల్లించుకున్నారో అదే రాస్తున్నాను. దానికి డిగ్రీ అక్కర్లేదు.

పాతికేళ్ళపాటు కొల్లేరు అంచున ఒక చేపల షెడ్డులో మార్కులు రాశాను. పరీక్ష మార్కులు కాదులెండి, పెట్టెల మీద మార్కులు. లోపల తూకం దగ్గర ఉన్నతను కేక వేస్తాడు: "బొచ్చె, రెండు కేజీల పైన, హౌరా, ఎల్లుండి!" నేను అదే కేక తిరిగి వేసి, పెట్టె మీద నాలుగు ముక్కల్లో రాయాలి. సరుకేమిటి, సైజెంత, ఎక్కడికి, ఏ రోజుకి. తిరుగు కేక వేయకుండా రాస్తే ఆ రోజు టీ ఉండదు. అలా రాసిన పెట్టెలు మూడు రాష్ట్రాలు దాటి వెళ్ళేవి. నేను మాత్రం ఏలూరు దాటింది తక్కువ.

ఆ నాలుగు ముక్కల్లో మూడు రాతి మీద గీతలు. శీలావతి చేపను బొచ్చె అంటే ఊరుకోరు. నాలుగోది, అదే తేదీ, కొంచెం మెత్తనిది. లారీ ఆగిపోతే అక్కడి వ్యాపారికి ఫోన్ చేసి "బండి రేపండి" అనేవాళ్ళం. ఆయన తన భాషలో ఏదో తిట్టి సరేననేవాడు. మిగిలిన పెట్టెల మీద ఇంకో పార ఐసు కొట్టి మర్నాటి లారీకి ఎక్కించేవాళ్ళం. ఇరవై ఐదేళ్ళు అలా బతికినవాడికి తేదీ అంటే సాయంత్రం దాకా ఉండేది, కావాలంటే రేపటిదాకా సాగేది. ఈ ఒక్క అలవాటు గుర్తు పెట్టుకోండి. కథంతా దీని మీదే నడుస్తుంది.

ఐసులో నాని వేళ్ళు మొద్దుబారాక షెడ్డు మానేశాను. అప్పుడు మా పాత చేపల వ్యాపారి ఒకాయన కొడుకు నన్ను పిలిచాడు. ఏలూరు పక్కనే వట్లూరులో, కాలేజీ పిల్లలు జెరాక్సులు తీయించుకునే కొట్టు మీద ఒక గది. రెండు కంప్యూటర్లు, ఒక ఏసీ, ఆ ఏసీ కింద ఒక బక్కెట్టు. ఆయన క్రిప్టో కాంట్రాక్టులు కొని అమ్ముతుంటాడు. వయసులో నాకంటే పాతికేళ్ళు చిన్న, అయినా జీతమిచ్చేవాడు కాబట్టి నాకు ‘సారు’. ఆయనకు నేను ‘మార్కుల గురువుగారు’.

"కంప్యూటర్ నాకు రాదు కదండీ సార్," అన్నాను మొదటి రోజు.

"టైపు కొట్టేవాళ్ళు ఉన్నారండి. తిరుగు కేక వేసేవాళ్ళు లేరు," అన్నాడాయన. "మొన్న ఒకటి కొనబోయి ఇంకోటి కొన్నామండి. మీ షెడ్డు పద్ధతి పెడదాం."

కొట్టే ఆవిడది చింతలపూడి. పామాయిల్ తోటలున్న ఇల్లు, ఇద్దరు పిల్లల తల్లి, నన్ను ‘బాబాయ్ గారూ’ అనేది. ఆవిడ తెర మీద పేరు కొట్టి చదువుతుంది, నేను చూసి తిరిగి చదువుతాను, సారు తన ఫోన్లో వచ్చిన ఆరంకెల కోడ్ చెబుతారు. ముగ్గురూ కలిస్తేనే ఆర్డరు కదులుతుంది.

ఆ పేర్లు చూసి మొదట నవ్వొచ్చింది. ETHUSDT, ఒక గీత, ఆ వెనక తేదీ. చూస్తే మా పెట్టె మార్కే! మొదటి ముక్క సరుకు, ఈథర్ అనే నాణెం. రెండో ముక్క లెక్క దేనిలో తేలుతుందో, అంటే డాలరుతో సమానంగా నడిచే ఇంకో నాణెంలో. చివర్న తేదీ. కొన్నిటికి తేదీ బదులు PERP అని ఉంటుంది. దానికి గడువు లేదు, ఎన్నాళ్ళయినా ఉంచుకోవచ్చు. కాకపోతే రోజుకు మూడుసార్లు కొన్నవాళ్ళకో అమ్మినవాళ్ళకో చిల్లర చెల్లింపులుంటాయి. వారం తిరిగేసరికి గడగడా చదివేశాను. "మీరు బడి మానకపోయుంటే ఏమయ్యేవారో బాబాయ్ గారూ," అంది చింతలపూడి ఆవిడ. "మీ సారుకి సారునయ్యేవాణ్ణమ్మా," అన్నాను. నా తల ఏసీకి తగిలేంత ఎత్తు పెరిగింది.

ఆఫీసులో ఉన్నవన్నీ PERPలే. తేదీ ఉన్నది ఒక్కటే, అది మేడం గారిది.

మేడం గారు తాడేపల్లిగూడెంలో మిషన్ స్కూల్లో ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. మా సారుకు అత్తవారి వైపు నుంచి పరిచయం. పెళ్ళి చేసుకోలేదు. ఓడల్లో కరెంటు పనిచేసే తమ్ముడు ఒక్కడే ఉండేవాడు. అతను పోతూ తన పొదుపంతా ఈథర్ రూపంలో అక్క పేర పెట్టి, గడువు వేసి బిగించి పోయాడు. ఫిబ్రవరి దాకా అమ్మడానికి లేదు. మేడం గారికి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. ఫిబ్రవరిలో ఆ నాణేలు అమ్మి రెండు మోకాళ్ళకూ ఆపరేషను చేయించుకోవాలి. ఈలోగా ధర పడిపోతే?

అందుకే సారు ఆవిడ పేర ఒక అమ్మకం కాంట్రాక్టు పెట్టారు. నాణెం ధర పడితే కాంట్రాక్టులో అంత లాభం, నాణెం లేస్తే కాంట్రాక్టులో అంత నష్టం. రెండూ కలిపితే ఆవిడ మోకాళ్ళు ఎక్కడివక్కడే. "గొడుగన్నమాట," అన్నారావిడ ఫోన్లో. "గొడుగేనండి, కర్ర కూడా మేమే పట్టుకుంటాం," అన్నాను. ఆ గొడుగు తేదీ డిసెంబరు చివరి శుక్రవారం. ఆ రోజు దాన్ని వదిలి మార్చి నెల తేదీ ఉన్న కొత్తది పట్టుకోవాలి. గడువుల పట్టీ రాసే పని నాది. శుక్రవారం అని రాశాను, ఎర్ర సిరాతో.

క్రిస్మస్ వెళ్ళిన ఆ శుక్రవారం పొద్దున్న సారు ద్వారకా తిరుమల బయల్దేరుతూ ఆఫీసుకొచ్చారు. మొక్కు ఉందట.

"గురువుగారూ, మేడం గారిది ఇప్పుడే మార్చేద్దామాండి? కోడ్ చెప్పేసి వెళ్తాను. కొండ మీద ఫోన్ కౌంటర్లో పెట్టేయాలి."

నేను గడియారం చూశాను. తొమ్మిదింపావు. తేదీ ఇవాళ్టిదే కదా, ఇవాళంతా ఉంది కదా.

"దర్శనం చేసుకుని తాపీగా రండి సార్. సాయంత్రం చేద్దాం. దేవుడి దగ్గర కూడా తేదీల గొడవెందుకు?"

ఆయన నవ్వి వెళ్ళిపోయారు. చింతలపూడి ఆవిడ నవ్వలేదు.

"బాబాయ్ గారూ, తేదీ సరే. టైమేమన్నా ఉంటుందేమోనండి?"

"పేరులో టైముందా అమ్మా? లేదు కదా. లారీ సాయంత్రానికి. నువ్వు టిఫిను కానివ్వు."

పేరులో టైము నిజంగానే లేదు. ఆ పేరు మీద నొక్కితే ఒక పేజీ తెరుచుకుంటుంది, అందులో ఉంటుంది. ఆ మూడు నెలల్లో నేనెప్పుడూ నొక్కలేదు. నోటికొచ్చేసిన పేరుని మళ్ళీ నొక్కి చూడ్డమెందుకు?

ఒంటిగంటన్నరకు క్యారియర్ విప్పుకుని కూర్చున్నాం. మా ఆవిడ చేపల పులుసు పంపింది. మొదటి ముద్ద నోట్లో ఉండగా చింతలపూడి ఆవిడ తెర వైపు చూసి చెయ్యి ఆపేసింది.

"బాబాయ్ గారూ. మేడం గారి లైను లేదు."

"కిందకు జరిగుంటుంది, చూడమ్మా."

"కింద లేదండి. పైనా లేదు. ‘గడువు తీరి పరిష్కరించబడినది’ అని వచ్చిందండి."

చెయ్యి కడుక్కోకుండానే లేచి వెళ్ళి చూశాను. ఆ లైను ఉండాల్సిన చోట తెల్లగా ఉంది. ఆవిడ పేరు మీద నొక్కింది, పేజీ తెరుచుకుంది. గడువు తేదీ, పక్కనే టైము. మన లెక్కలో మధ్యాహ్నం ఒంటిగంటన్నర. ఎవరూ ఫోన్ చేయలేదు. ఎవరూ తిట్టలేదు. ఐసు కొట్టడానికి ఎదురుగా పెట్టే లేదు.

"కొత్తది పెట్టేద్దామండి," అంది ఆవిడ, వేళ్ళు అప్పటికే కీబోర్డు మీద. పెట్టింది. కోడ్ అడిగింది తెర. సారు ఫోన్ స్విచ్ఛాఫ్.

ఒంటిగంట నలభైకి ఈథర్ ధర కిందికి జరిగింది. ఒంటిగంట యాభైకి ఇంకొంచెం. ఎక్కడో ఏదో దేశంలో ఎవరో ఏదో అన్నారట. కొల్లేట్లో గాలి మారితే నీళ్ళ మీద ముందు సన్నటి ముడత వస్తుంది. పడవలో ఉన్నవాడికి అది చూస్తేనే కాళ్ళు చల్లబడతాయి. నాకు ఆ గదిలో, ఏసీ కింద, అలా అయింది. తెర మీద ఎర్ర గీత గడ్డి కోసినట్టు కిందికి పోతోంది. గొడుగు లేదు. వాన మొదలైంది.

రెండు గంటలకు నా ఫోన్ మోగింది. మేడం గారు.

"ఏవండీ, పక్కింటివాళ్ళు ఏదో పడుతోందంటున్నారండి. మనది ఉందాండి?"

ఇక్కడే ఆగుతాను. ఈ ముక్క తర్వాత వెయ్యిసార్లు తల్చుకున్నాను కాబట్టి మీకూ నెమ్మదిగా చెబుతాను. నా ముందు తెర ఉంది. తెర మీద లైను లేదు. నోట్లో పులుసు రుచి ఇంకా ఉంది. ‘లేదండి, తప్పు నాది’ అనడానికి ఆట్టే ఊపిరి అక్కర్లేదు. నాకు మాత్రం ఉద్యోగం గుర్తొచ్చింది, మార్కుల గురువుగారు అన్న పేరు గుర్తొచ్చింది, మొద్దుబారిన వేళ్ళు గుర్తొచ్చాయి. సారు ఇంకో గంటలో దొరుకుతారు, కొత్తది పెట్టేస్తాం, ధర మళ్ళీ లేస్తుంది, ఎవరికీ తెలియదు అనుకున్నాను.

"ఉందండి," అన్నాను. "మీరేం భయపడకండి."

"అమ్మయ్య. మీరున్నారు కదండీ," అని పెట్టేశారావిడ.

చింతలపూడి ఆవిడ నా వైపు చూడలేదు. క్యారియర్ మూత పెట్టేసింది. నేను ముప్పావుగంటసేపు సారు నంబరుకు చేస్తూనే ఉన్నాను, అదే ఆడగొంతు అదే మాట చెబుతూనే ఉంది. చివరికి ఆవిడే అంది:

"బాబాయ్ గారూ, నాకు భయమేస్తోందండి."

"ధర లేస్తుందిలేమ్మా."

"ధర గురించి కాదండి. ఇందాకట్నుంచి మీరొక్క జోకు వేయలేదు."

మోపెడ్ తాళం తీసుకున్నాను.

ఏలూరు నుంచి భీమడోలు మీదుగా కొండకు గంట పైనే. దారిపొడవునా నాకు రెండే ఆలోచనలు. ఒకటి, ఎర్ర గీత ఎంత దిగిందో. రెండు, అది దిగుతున్నంతసేపూ నేను ‘ఉందండి’ అన్న మాట మేడం గారింట్లో ఎలా కూర్చుని ఉందో. ఆవిడ దాన్ని నమ్మి మధ్యాహ్నం కునుకు తీస్తుంటారు. ఎదురుగా ఏ లారీ వచ్చినా అది నా కోసమే వస్తోందనిపించింది. ఒక చోట చేపల లారీ దాటింది, వెనక నీళ్ళు కారుతూ. పెట్టెల మీద మార్కులు చదవడానికి కూడా తల తిప్పలేదు. పాతికేళ్ళలో అదే మొదటిసారి.

కొండ మీద జనం. ధనుర్మాసం కదా. ఫోన్ల కౌంటర్ దగ్గర నిలబడి వచ్చేవాళ్ళ మొహాలు వెతికాను. ప్రసాదాల దగ్గర వెతికాను. చెప్పుల స్టాండు దగ్గర వెతికాను. సారుకు నల్లటి ఒత్తైన జుట్టు, దాన్నిబట్టి దూరం నుంచే పోల్చవచ్చు. పదిహేను నిమిషాలు తిరిగాక ఒక గుండు మనిషి నా భుజం తట్టాడు.

"గురువుగారూ, ఇందాకట్నుంచీ నా ముందు నుంచే మూడుసార్లు వెళ్ళారేంటండి?"

మొక్కు తలనీలాలదని నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. గంధం పూసిన ఆ గుండు చూసి ఇంకో రోజయితే నెల్లాళ్ళకు సరిపడా జోకులు దొరికేవి. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. మెట్ల మీదే చెప్పాను, ముక్కలు ముక్కలుగా.

ఆయన కౌంటర్లో ఫోన్ తీసుకుని ఆన్ చేశారు. నేను ఆఫీసుకు ఫోన్ కలిపాను.

"చదవమ్మా."

"ఈథర్, లెక్క డాలరు నాణెంలో, అమ్మకం, మార్చి చివరి శుక్రవారం."

తిరుగు కేక వేశాను. పక్కన కొబ్బరికాయలు కొడుతున్నారు. "టైమమ్మా?" అన్నాను.

"మధ్యాహ్నం ఒంటిగంటన్నర, బాబాయ్ గారూ."

"మధ్యాహ్నం ఒంటిగంటన్నర," అన్నాను.

సారు కోడ్ చదివారు. ఆర్డరు పడింది. నాలుగున్నర దాటింది. గొడుగు మళ్ళీ తెరుచుకుంది గానీ, ఈ మూడు గంటల్లో తడిసింది తడిసినట్టే ఉంది. తర్వాత ధర ఎంత పడినా ఆవిడకు ఏమీ కాదు. ఈలోగా పడింది మాత్రం ఇక రాదు.

"మేడం గారికేం చెప్పారండి?" అడిగారు సారు.

"ఉందని చెప్పానండి."

ఆయన గుండు మీద చెయ్యి పెట్టుకున్నారు. "కాంట్రాక్టు సంగతి నేను చూసుకుంటానండి. ఇది మాత్రం మీరే వెళ్ళి చెప్పాలి. ఫోన్లో వద్దు."

కొండ దిగి తాడేపల్లిగూడెం వెళ్ళేసరికి వీధుల్లో క్రిస్మస్ నక్షత్రాలు వెలిగిస్తున్నారు. మేడం గారు వాకర్ పట్టుకుని వచ్చి తలుపు తీశారు. గుమ్మం నుంచి కుర్చీ దాకా పది అడుగులు. ఆ పది అడుగులూ నేను చూశాను. ప్రతి అడుగుకీ ఆవిడ పళ్ళ మధ్య నుంచి గాలి పీలుస్తున్నారు.

"కేక్ ముక్క తింటారాండి?"

"ముందు నేను చెప్పేది వినండి మేడం గారూ."

చెప్పాను. తేదీ, ఒంటిగంటన్నర, ఖాళీ లైను, కొండ, గుండు, అన్నీ. లెక్కల టీచరు కదా, మధ్యలో ఒక్క ప్రశ్న వేయకుండా చివరిదాకా విన్నారు.

"ఎంత పోయిందండి?"

లెక్క చెప్పబోయాను. దారిలో నేను వేసుకున్న కొలతే నోటికొచ్చింది. "ఒక మోకాలంతండి."

అన్నాక నాలుక కరుచుకున్నాను. జోకు కాదు, ఒట్టు. ఆవిడ నన్ను కళ్ళజోడు పైనుంచి చూశారు.

"ఏ మోకాలండి? కుడిదా, ఎడమదా?"

నేను ఆవిడ రెండు మోకాళ్ళనీ మార్చి మార్చి చూశాను.

"సరే. నేను మీకు ఫోన్ చేసినప్పుడు ఎంత పోయిందండి?"

"అప్పటికి కొద్దిగానేనండి. అసలు పడిందంతా ఆ తర్వాతే."

"నాకు అప్పుడే చెప్పుంటే?"

"చెప్పినా ఏం లాభమండి? సారు ఫోన్ కౌంటర్లో ఉంది కదండీ."

ఆవిడ చాలా మెల్లగా, బడిలో వెనక బెంచీ వాడికి చెప్పినట్టు చెప్పారు: "మీ సారు భార్య నా దగ్గరే చదువుకుందండి. చంటిపిల్లకు జ్వరమని కొండెక్కకుండా కింద కారులోనే కూర్చుంది. పొద్దుపోక పన్నెండింటి నుంచీ మధ్యమధ్యలో నాకు ఫోన్ చేస్తూనే ఉంది. రెండు గంటలకు మీరు ‘లేదండి’ అనుంటే, ఆ పిల్ల పైకి మనిషిని పంపి రెండుంపావుకల్లా వాళ్ళాయన్ని కౌంటర్ దగ్గర నిలబెట్టేది."

వీధిలో ఎవరో నక్షత్రం కట్టి స్విచ్ వేశారు. మేడం గారి గోడ ఎర్రగా అయ్యి, మళ్ళీ మామూలయ్యి, మళ్ళీ ఎర్రగా అయింది. అప్పటిదాకా నా భయమంతా తేదీ వెనకున్న టైము చూడలేదని. ఆ నిమిషంలో తెలిసింది, మోకాలు తినేసింది తేదీ కాదు. నేను ఆదా చేసుకున్న ఒక్క ‘లేదండి’.

సారు నన్ను తీసేయలేదు. ఆ నష్టంలో సగం తాను పెట్టుకుంటానన్నారట. మేడం గారు ఒప్పుకోలేదు. "కోడ్ మీరు పొద్దున్నే ఇస్తానన్నారు, తప్పు మీది కాదు," అన్నారట. నా జీతంలోంచి ఇస్తానంటే, "జీతం నెలకు ఒకటి వస్తుంది, మోకాలు అలా రాదు, ఉంచుకోండి," అన్నారు. ఫిబ్రవరిలో నాణేల గడువు తీరింది, అమ్మారు, కాంట్రాక్టు మూసేశాం. ఏలూరులో కుడి మోకాలికి ఆపరేషను అయింది. ఎడమది అలాగే ఉంది. ఆపరేషనయ్యాక ఆవిడ ఒకసారి మా ఆఫీసు మెట్లెక్కి వచ్చారు. కుర్చీలో కూర్చునే నేను లెక్కపెట్టాను. ఒక అడుగు మామూలుగా, ఒక అడుగు కర్రతో. పదహారు మెట్లు. చింతలపూడి ఆవిడ ఎదురెళ్ళి చెయ్యందించింది. నాకు లేచి ఎదురెళ్ళే మొహం లేకపోయింది.

ఆ తర్వాత నాలుగేళ్ళు అక్కడే పనిచేసి మానేశాను. పేరు మీద నొక్కి ఆ వెనకున్న పేజీ మొత్తం చదవకుండా ఒక్క తిరుగు కేకా వేయలేదు. చింతలపూడి ఆవిడ విసుక్కునేది, "బాబాయ్ గారూ, నిన్నే చూశాం కదండీ," అని. "నిన్న చూసింది నిన్నటిదమ్మా," అనేవాణ్ణి. ఇప్పుడింట్లో కూడా అంతే. "ఉప్పు ఉందాండి?" అని మా ఆవిడ వంటింట్లోంచి అడిగితే డబ్బా మూత తీసి చూడకుండా జవాబు చెప్పను. ఈలోగా కూర మాడుతుంది. మాడనీయండి.

మీరు ఇవన్నీ ఫోన్లో వేలితో చేసేస్తున్నారు. పేర్లు నాకంటే వేగంగా చదువుతారు, అందులో అనుమానం లేదు. పేరు చదవడం నాకూ వారంలో వచ్చింది. అందుకే భయమేస్తుంది మిమ్మల్ని చూస్తే.

మేడం గారికి ఇప్పుడు కాంట్రాక్టులేమీ లేవు, నాణేలూ లేవు. అయినా మూడు నెలలకోసారి, చివరి శుక్రవారం, మధ్యాహ్నం ఒంటిగంటకు ఫోన్ చేస్తారు. ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ రోజు పొద్దున్నుంచీ నాకు అన్నం సహించదు. ఫోన్ ఎదురుగా పెట్టుకుని కూర్చుంటాను. మోగుతుంది.

"ఏవండీ, మనది ఉందాండి?"

"లేదండి."

"సరేనండి," అని పెట్టేస్తారు.